కొత్త ఫ్లాటుకి పెడన పరదాలు

తాళాలు చేతికొచ్చిన రోజు సాయంత్రమే ఇంటీరియర్ కుర్రాడొకడు టేపు పట్టుకుని వచ్చాడు. హాల్లో టీవీ గోడకి ప్యానెలు, పైన ఫాల్స్ సీలింగు, దాన్లో రంగురంగుల లైట్లు, వంటింట్లో నేల నుంచి కప్పు దాకా అరలు... ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపిస్తుంటే సినిమాలో ఇల్లు చూస్తున్నట్టే ఉంది. ఆఖరి పేజీలో అంకె చూశాక మావారు మంచినీళ్లు అడిగారు. అయిదు లక్షల నలభై వేలు! రిజిస్ట్రేషను ఖర్చులూ మొదటి వాయిదా పోను మా దగ్గర మిగిలింది అరవై వేలు.

అప్పు చేసి అయినా చేయిద్దామనే అనుకున్నాను ముందు. నిజం చెప్పాలంటే నాకా ప్యానెలు తెగ నచ్చింది. కానీ మా చెల్లెలి ఇల్లు గుర్తొచ్చి ఆగిపోయాను. వాళ్లది సింగ్‌నగర్‌లో కింది వాటా. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నాలుగు రోజులు నడుంలోతు నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక చూడటానికి వెళితే ఆ వీధి పొడవునా ఒకటే దృశ్యం. ఉబ్బి, పొరలు పొరలుగా విడిపోయిన ప్లైవుడ్ బీరువాలూ, మంచాలూ, టీవీ గోడలూ గుట్టలుగా పడున్నాయి. వాటికి కట్టాల్సిన వాయిదాలు మాత్రం మిగిలే ఉన్నాయి. చెల్లెలింట్లో కడిగి, ఆరబెట్టి మళ్లీ లోపల పెట్టుకోగలిగిన సామాను ఒక్కటే... మా అమ్మమ్మ ఇచ్చిన టేకు పెట్టె.

మాది గొల్లపూడి వైపు నాలుగో అంతస్తు. అక్కడికి వరద రాదు. అయినా ఆ గుట్టలు కళ్లముందు మెదిలాయి. కుర్రాడికి ‘ఆలోచించి చెబుతాం’ అన్నాం. మళ్లీ ఫోన్ చేయలేదు.

మాకు అసలు సమస్య ఇల్లు కాదు, అత్తయ్య. మావయ్య పోయి రెండేళ్లయింది. గుడివాడ అవతల పల్లెలో పెంకుటింట్లో ఒక్కతే ఉంటోంది. దూలానికి చెద పట్టింది, వానొస్తే నాలుగుచోట్ల గిన్నెలు పెట్టాలి. బాగు చేయించే స్తోమతు లేక అమ్మేశాం. గృహప్రవేశానికి ఆవిడ ఒక్క ట్రంకుపెట్టెతో వచ్చింది. దాన్ని తెచ్చి గెస్ట్‌రూంలో మంచం కిందకి తోసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. పది రోజులైనా తీయలేదు.

‘సర్దుకోండత్తయ్యా’ అంటే, ‘చూసిపోదామని వచ్చానమ్మా’ అంటుంది. పోవడానికి అక్కడ ఇల్లు లేదని ఆవిడకీ తెలుసు.

తలుపు తెచ్చుకున్నాం

కొనుక్కున్నవాళ్లు పాత ఇల్లు పడగొట్టే ముందురోజు కబురు చేశారు. చిన్న వ్యాను మాట్లాడుకుని వెళ్లాం. ఏం తెచ్చుకోవాలో మాకు తెలియదు, అత్తయ్యకి తెలుసు. వీధి తలుపు రెక్కలు రెండూ, గొళ్లెంతో సహా. రెండు ఇత్తడి బిందెలు. చూరుకి వేలాడుతున్న రెండు ఉట్లు. రోలు కూడా అంది కానీ అపార్ట్‌మెంటు లిఫ్టు తల్చుకుని మావారు దణ్నం పెట్టేశారు.

తలుపు టేకుది. ఎనభై ఏళ్ల పైమాటే అంటారు. దానికి నాలుగు కాళ్లు వేయించి భోజనాల బల్ల చేద్దామని నా ఆలోచన. ఏదో పత్రికలో చూశాను. వడ్రంగి కూడా సరేనన్నాడు. అత్తయ్య ఆ చెక్కుడు పలకలకేసి చూసి, ‘చారు ఒలికితే ఈ గాడుల్లోంచి ఎవరు తీస్తారమ్మాయ్? నువ్వా?’ అంది. నిజమే! పత్రికల్లో ఫొటోలు తీసేవాళ్లు చారన్నం తినరు కాబోలు.

చివరికి ఒక రెక్క బాల్కనీలో అరుగయింది. మోకాలెత్తు కాళ్లు, మీద ఒక చాప. రెండో రెక్కని అడ్డంగా గోడకి బిగించి, చెక్కుడు గళ్లలో మేకులు కొట్టించి తాళాలూ, సంచులూ తగిలించుకుంటున్నాం. వడ్రంగికి మూడు రోజుల కూలి, కాళ్ల చెక్క, వార్నిష్ బదులు రెండు పూతల అవిసెనూనె... అంతా కలిపి ఆరువేల చిల్లర. ఆ ధరకి బజార్లో రేకు బల్ల కూడా రాదు.

పాసింజరు బండిలో పెడనకి

ఇక పరదాలు. మా బాల్కనీ పడమటి ముఖం. బెజవాడ ఎండ గురించి బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి హాల్లో సోఫా మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే ఉంటుంది. తొందరపడి బజార్లో ‘కలంకారీ కర్టెన్లు’ అని రాసున్నవి ఒక జత కొన్నాను. నెమళ్లూ, కొమ్మలూ, చూడటానికి బాగానే ఉన్నాయి. అత్తయ్య కొస పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ‘కిరసనాయిలు కంపు’ అంది. తిరగేసి చూపించింది. వెనక తెల్లగా ఉంది. నూలు కూడా కాదు, పాలియెస్టరు.

‘పెడన పది స్టేషన్ల దూరంలో పెట్టుకుని ఇదేం కొనడం?’

అదే మొదటిసారి ఆవిడ మా ఇంటి విషయంలో కలగజేసుకోవడం. మర్నాడు ఆదివారం. పొద్దున్నే మచిలీపట్నం పాసింజరెక్కాం, ముగ్గురం.

ఈ దారి తెలియని వాళ్లుంటే ఒకసారి ఎక్కి చూడండి. ఉప్పలూరు దాటగానే ఊరు వెనకబడి చేలు మొదలవుతాయి. ఇందుపల్లి, దోసపాడు, నూజెళ్ల... మధ్య మధ్య చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరిచెట్లు, కాలవలో మెడదాకా మునిగిన గేదెలు. గుడివాడలో బండి కాసేపు ఆగుతుంది. అక్కణ్నుంచి భీమవరం వైపు ఒక లైను, బందరు వైపు ఒక లైను. గుడివాడ దాటాక అత్తయ్య కిటికీ వైపు జరిగింది. ఊరి స్టేషను వచ్చింది. తాటిచెట్ల వెనక మా ఇంటి పెంకుల కప్పు కనిపించే చోట ఆకాశం కనిపించింది. ఆవిడేం అనలేదు. ‘జామకాయలు తీసుకోరా, కవుతరం దాకా వేరే వాడు రాడు’ అని మాత్రం కొడుకుతో అంది.

పెడన చిన్న ఊరు. నేత మగ్గాలూ, కలంకారీ కారఖానాలూ పక్కపక్కనే ఉంటాయి. పక్కనే ఉన్న బందరు ఒకప్పుడు తూర్పు తీరంలోనే పేరున్న రేవు. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో అక్కడ వర్తక స్థావరం పెట్టింది. డచ్చివాళ్లు అంతకుముందే వచ్చారు. ఈ అద్దకం బట్టలే వాళ్లు ఓడలకెత్తిన సరుకుల్లో ముఖ్యమైనవి. గోల్కొండ సుల్తానుల కాలంలో పారశీకానికీ వెళ్లేవి. కలంకారీ అన్న మాట పారశీకం నుంచి వచ్చిందే. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ వెదురు కలంతోనే గీస్తారు. పెడన వాళ్లది అచ్చుల పని. కలం లేదు, పేరు మాత్రం నిలిచింది.

ఆటో దిగి రేకుల షెడ్డులోకి అడుగు పెట్టగానే పులిసిన పాలూ, కరక్కాయా కలిసిన ఒక వగరు వాసన. ‘ఇదీ!’ అంది అత్తయ్య. చిన్నప్పుడు పుట్టింట్లో దుప్పట్లకి ఈ వాసనే ఉండేదట.

కనిపించని ఎరుపు

కారఖానా ఆయన ఓపికమంతుడు. ఆదివారమైనా నలుగురు పనిలో ఉన్నారు. గుడ్డ ముందుగా నానబెట్టి ఉతికి గంజీ, జిడ్డూ వదిలిస్తారు. తర్వాత కరక్కాయ పొడి నీళ్లలో పాలు పోసి అందులో ముంచి ఎండబెడతారు. కరక్కాయ వగరు వల్ల రంగు గుడ్డకి పట్టుకుంటుంది. పాలలో వెన్న ఉంటుంది కాబట్టి రంగు అచ్చు దాటి పాకిపోదు. ఏ పాలైనా పనికొస్తాయి కానీ గేదె పాలైతే మేలని ఆయన మాట.

నలుపు చేసే పద్ధతి వింటే వంటింటి చిట్కాలా ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు. కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే చాలు. ఆ నీళ్లలో నలుపేమీ ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డని తాకితే నల్లగా తేలుతుంది. వెదురు జల్లెడ లాంటి దాని మీద కంబళి ముక్క పరిచి, రంగు పోసి, దాని మీద అచ్చు ఒత్తి, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ. తీసి పక్కన మళ్లీ పెట్టి దెబ్బ. తీగకి తీగ, ఆకుకి ఆకు అతుక్కుంటూ పోతుంది. గీత గీసుకోరు, కొలత పెట్టుకోరు. కన్నే కొలత.

ఎరుపు చూసి మా ముగ్గురికీ మతిపోయింది. అసలు ఎర్రరంగే లేదు అక్కడ! పటిక నీళ్లతో అచ్చు కొడుతున్నారు. కొట్టిన చోట ఏదో తడి మరకలా ఉంది, అంతే. అలా ఆరబెట్టి, పారే నీళ్లలో జాడించి, పెరట్లో రాగి కాగులో మరగబెడతారు. కాగులో అలిజరిన్ అనే ఎర్ర మందు, జాజి ఆకు. కర్రతో తిప్పి తిప్పి గుడ్డ పైకెత్తితే పటిక తగిలిన చోటల్లా ఎర్రటి పూలు! తగలని చోట పడ్డ రంగు తర్వాత ఉతుకులో, ఎండలో పోతుంది. పూర్వం ఎరుపు కోసం చిరివేరు వాడేవారట. ఇప్పుడు అలిజరినే వాడుతున్నామని ఆయన దాచకుండా చెప్పాడు. ‘అంతా ఆకులే, వేర్లే అని చెప్పి అమ్మేవాళ్లుంటారు, నమ్మకండి’ అన్నాడు. ఆ మాటతో నాకాయన మీద గురి కుదిరింది.

ఇంకో మాట కూడా దాచలేదు. పెడనలోనే ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగు చాలా జరుగుతోంది. అచ్చుతో రోజంతా కొట్టేదాన్ని స్క్రీనుతో గంటలో లాగేస్తారు. ధర సగం. దుకాణంలో రెండూ పక్కపక్కనే ఉంటే కొనేవాళ్లకి తేడా తెలియదు. తెలుసుకోవడం ఎలా అని అడిగాను. రెండు గజాల గుడ్డ పరిచి చూపించాడు. అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు దగ్గర ఎక్కడో వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఒకచోట నలుపు చిక్కన, ఒకచోట పలచన. వెనకవైపుకీ రంగు దిగి ఉంటుంది. అంతా ఒక్కలా, తప్పు లేకుండా ఉంటే అనుమానించాల్సిందే.

అచ్చులు చెక్కేవాళ్లు కూడా ఊళ్లోనే ఉన్నారు. టేకు చెక్క. ఒక పువ్వులో మూడు రంగులుంటే మూడు అచ్చులు కావాలి. షెడ్డులో గోడవారగా అరల నిండా పాత అచ్చులున్నాయి, నల్లగా నూనె దేరి. వాటిలో కొన్ని వాళ్ల తాతగారి నాటివట. అత్తయ్య ఒక అచ్చు తీసి చేత్తో తడిమింది. మామిడి పిందెలు, చుట్టూ సన్నని తీగ. ‘ఇదే కొట్టి ఇవ్వండి’ అంది. సిద్ధంగా ఉన్నవి తీసుకుని సాయంత్రం బండికి వెళ్లిపోదామని వచ్చిన వాళ్లం కదా... మావారు గడియారం చూశారు. ఆయన నవ్వి, మూడు వారాలు పడుతుందన్నాడు. కాలవకి నీళ్లుంటే.

మీటరు రెండొందల ఇరవై. పదహారు మీటర్లు. కూరల బండి దగ్గర కొత్తిమీర కట్టకి పావుగంట బేరమాడే మనిషి, ఇక్కడ ధర మాటే ఎత్తలేదు. కాకపోతే లేచి వస్తూ వస్తూ మూల పడున్న చిత్తు ముక్కలు చూసి, ‘అవేం చేస్తారు?’ అంది. సంచీడు ఊరికే తెచ్చుకుంది.

చేతిపని అంటే చవక అనుకుని బయల్దేరకండి. పాలియెస్టరు పరదాలకి నేను పెట్టిన దానికంటే వీటికి ఎక్కువే అయింది. మేం మిగుల్చుకున్నది ఇక్కడ కాదు, కొనకుండా మానేసిన వాటిలో.

కొండపల్లి మూలిక

మా ఇంటి నుంచి కొండపల్లి అరగంట దారి. 2022లో జిల్లాలు విడగొట్టాక పెడన కృష్ణా జిల్లాలో ఉండిపోయింది, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకొచ్చింది. ఖిల్లా దాకా రోడ్డుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న వాళ్లూ వెళ్లొచ్చు. మేం మాత్రం కొండ కిందున్న బొమ్మల కాలనీకే వెళ్లాం.

హాల్లో టీవీ పక్క గోడలో బిల్డరు కట్టి వదిలేసిన గూడొకటి ఉంది. దాన్లో దశావతారాల సెట్టు పెడదామని నా కోరిక. బయల్దేరేముందు అత్తయ్య గదిలోకి వెళ్లింది. మంచం కింద నుంచి పెట్టె లాగిన చప్పుడు. తువ్వాల్లో చుట్టిన మూట ఒకటి తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. దారిలో విప్పలేదు.

కాలనీలో వీధి అరుగుల మీదే పని. ఈ బొమ్మలకి వాడేది తెల్లపొణికి చెక్క. చుట్టుపక్కల కొండల్లో దొరుకుతుంది. బెండులా తేలిక. వేడి చేసి తేమ పోగొట్టి, చేయి ఒకటి, కాలు ఒకటి, తల ఒకటి విడిగా చెక్కుతారు. చింతగింజల పిండీ, రంపపుపొట్టూ కలిపి నూరిన ‘మక్కు’తో అతికిస్తారు. సున్నపు పూత, ఆపైన మేకవెంట్రుకల కుంచెతో రంగులు. పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని ప్రతి ఇంట్లోనూ అదే మాట. నరికినన్ని నాటకపోతే బొమ్మ ఎంత పర్యావరణ హితమైనా ఏం లాభం?

అత్తయ్య మూట విప్పింది. తాటిచెట్టు ఎక్కుతున్న గీతకారుడి బొమ్మ, చెయ్యి విరిగింది. ఎద్దులబండి, ఒక ఎద్దుకి కొమ్ము లేదు. తల ఊడిన గొల్లభామ. ఆవిడ కాపరానికొచ్చిన ఏడాది సంక్రాంతి బొమ్మల కొలువుకి మావయ్య బెజవాడ నుంచి తెచ్చినవట.

‘కొత్తవి వద్దు బాబూ, ఇవి బాగవుతాయా?’

ఆ పెద్దాయన గీతకారుణ్ని తిప్పి తిప్పి చూశాడు. ‘ఇది మా పనేనమ్మా’ అన్నాడు. గంటన్నర కూర్చున్నాం. చిన్న చెక్కముక్కని ఉలితో చెక్కి చెయ్యి చేశాడు, మక్కు పెట్టాడు. రంగు వేయబోతే అత్తయ్య వద్దంది. కొత్త చెయ్యి తెల్లగానే ఉండిపోయింది. రెండొందలు ఇచ్చాం. నేను పట్టుబట్టి ఒక ఏనుగు అంబారీ కొనుక్కున్నాను. దశావతారాలు వచ్చే ఏడు.

పైన ‘మూలిక’ అన్నానేమిటి అనుకుంటున్నారా? పాత బొమ్మలకి వైద్యం జరిగిన చోటు కదా, అందుకని.

మనీప్లాంటుకి ఉట్టి

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఉట్లు బాల్కనీలో వేలాడదీసి వాటిలో కుండీలు పెట్టాం. ‘పిల్లికందకుండా పెరుగు పెట్టేవాళ్లం. దీన్నేం పిల్లి తింటుంది?’ అని అత్తయ్య నవ్వింది. ఇత్తడి బిందెల్లో ఒకటి చింతపండు పెట్టి తోమితే బంగారంలా వచ్చింది, గుమ్మం పక్కన గొడుగులకి పెట్టాం. పెడన చిత్తు ముక్కలతో సోఫా దిండ్లకి గలేబులు. నా పాత నూలు చీరలు నాలుగు, పైన రెండు, లోపల రెండు పెట్టి బొంత కుట్టింది. ఏసీ గదిలో మా అబ్బాయి దాన్నిప్పుడు ఎవరికీ ఇవ్వడు.

గుమ్మం ముందు ముగ్గు విషయంలో చిన్న గొడవ. కారిడార్లో నీళ్లు చల్లకూడదని అసోసియేషన్ నిబంధన. తడిబట్టతో తుడిచి బియ్యప్పిండితో వేస్తానంటే సరేనన్నారు. చీమలొస్తున్నాయని ఎదురింటావిడ ఫిర్యాదు. ‘చీమలు తినడానికే కదమ్మా వేసేది’ అని అత్తయ్య జవాబు. ఇప్పుడావిడే వచ్చి చుక్కలు లెక్కపెట్టించుకుంటోంది.

పెడన నుంచి ఫోను మూడు వారాలకి కాదు, అయిదు వారాలకొచ్చింది. మావారొక్కరే వెళ్లి తెచ్చారు. గుడ్డ విప్పితే హాలంతా కరక్కాయ వాసన. దర్జీ చూసి, ఈ రంగులు పడమటి ఎండకి వెలుస్తాయి, వెనక లైనింగు ఉండాల్సిందే అన్నాడు. లైనింగు గుడ్డకీ, కుట్టుకూలికీ కలిపి నాలుగు వేలన్నాడు. వచ్చే నెల చూద్దాంలే అని మడతపెట్టి లోపల పెట్టేశాను.

మరుసటి వారం ఆఫీసు నుంచి వచ్చేసరికి గెస్ట్‌రూంలో మిషను చప్పుడు. ఎదురింటావిడ దగ్గర అడిగి తెచ్చుకుందట. ట్రంకుపెట్టె మూత తెరిచి ఉంది. మంచం మీద మావయ్య పంచెలు. ఉతికి, గంజి పెట్టి, మడతలు చెదరకుండా దాచిన తొమ్మిది పంచెల్లో ఆరు అప్పటికే పరదాలకి వెనక కుట్టేసి ఉన్నాయి. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆవిడ తలెత్తకుండానే, ‘నూలుకి నూలే పడాలమ్మాయ్. ఉతికితే రెండూ ఒక్కలాగే కుంగుతాయి’ అంది.

ఆదివారం పొద్దున్న మావారు స్టూలెక్కి రాడ్‌కి ఎక్కించారు. ఆయనకి మేం చెప్పలేదు. పగలంతా మామిడి పిందెలే కనిపించాయి. సాయంత్రం నాలుగున్నరకి ఎండ తిరిగి బాల్కనీ మీద పడింది. ఎర్ర పిందెల వెనక నుంచి, పరదా పొడవునా సన్నగా ఒక అంచు గీత తేలింది. మావారు టీ కప్పు అరుగు మీద పెట్టి, దగ్గరకెళ్లి, కొస తిప్పి చూశారు. చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డారు.

అత్తయ్య వంటింట్లోంచి తొంగి చూసింది.

‘ఒరేయ్, ఈసారి పెడన వెళితే వంటింటి గుమ్మానికి కూడా రెండు మీటర్లు తీసుకురా. ఇంకా మూడు పంచెలున్నాయి.’